ట్రాయ్ గుర్రం ఇలియడ్‌లో లేదు

ఇలియడ్ ప్రాచీన గ్రీకు కవి హోమర్ కావ్యం, ట్రాయ్ నగరం మీద గ్రీకుల యుద్ధం గురించినది. దాని పేరిట ఎక్కువగా తిరుగుతున్న మాట ఇది: "ఇలియడ్‌లో హోమర్ వర్ణించిన చెక్క గుర్రం గ్రీకులు ట్రాయ్‌కి ఇచ్చిన కానుక. అకిలీస్ తన వీరులతో అందులో దాక్కున్నాడు. ట్రాయ్ వాళ్లు వెనకాముందూ చూడకుండా దాన్ని లోపలికి లాక్కున్నారు. అది గ్రీకుల తెలివికి గుర్తు."

ఇలియడ్ 24 సర్గలూ వెతికినా ఆ గుర్రం కనబడదు. ట్రాయ్ రాకుమారుడు హెక్టర్ అంత్యక్రియలతో కావ్యం ముగుస్తుంది. అప్పటికి ట్రాయ్ ఇంకా పడలేదు. గుర్రం కథ వచ్చేది హోమర్ మరో కావ్యం ఒడిస్సీలో, 4, 8, 11 సర్గల్లో. గ్రీకుల గూఢచారి సినాన్ అబద్ధం, ట్రాయ్ పూజారి లవోకూన్ గుర్రం మీదికి విసిరిన ఈటె, సముద్రం దాటి వచ్చిన పాములు మనకు వివరంగా దొరికేది రోమన్ కవి వర్జిల్ లాటిన్‌లో రాసిన ఏనియిడ్ రెండో సర్గలో.

ఇక గ్రీకుల మహావీరుడు అకిలీస్ సంగతి. గుర్రం కట్టేనాటికే అతను చనిపోయాడు. లోపల ఉన్నది అతని కొడుకు నియోప్టోలెమస్. మిగతావాళ్లు వణుకుతూ కన్నీళ్లు తుడుచుకుంటుంటే ఆ కుర్రవాడు కత్తి పిడి తడుముతూ కూర్చున్నాడని, పాతాళంలో అకిలీస్ ప్రేతానికి, గుర్రంలో తానూ ఉన్న గ్రీకు నాయకుడు ఒడిస్సియస్సే చెబుతాడు.

ఇక కానుక. వర్జిల్ కథలో అది ట్రాయ్‌కి ఇచ్చింది కాదు, దేవతకు మొక్కు. ట్రాయ్‌లోని ఆ దేవత విగ్రహాన్ని గ్రీకులు దొంగిలించిన పాపానికి పరిహారమని, నగర ద్వారంలో పట్టకూడదనే అంత పెద్దగా కట్టారని సినాన్ నమ్మిస్తాడు. లోపలికి తెచ్చుకుంటే ట్రాయే గ్రీసు మీదికి దండెత్తుతుందని ఆశ పెడతాడు. అందుకే వాళ్లు తమ గోడను తామే పగలగొట్టుకున్నారు. ఎర వేసింది వాళ్ల భక్తికి.

వెనకాముందూ చూడలేదనడం మరీ అన్యాయం. ఒడిస్సీ 8వ సర్గలో వాళ్లు మూడు దారులు తర్కించుకుంటారు: కత్తులతో చీల్చడమా, కొండకొమ్ము మీంచి కిందికి తోసేయడమా, దేవతలకు నైవేద్యంగా ఉంచడమా. మూడోది గెలిచింది. వర్జిల్ దగ్గర లవోకూన్ గట్టిగా హెచ్చరిస్తాడు. అతన్నీ ఇద్దరు కొడుకులనూ పాములు చంపడంతో, అది దేవత కోపమేనని జనం నమ్మారు.

చివరిది గ్రీకుల తెలివి. ఎత్తు ఒడిస్సియస్‌దే, కాదనలేం. కానీ ఇలియడ్‌లో ట్రాయ్ వాళ్లకు పదేపదే వచ్చే విశేషణం "గుర్రాలను లొంగదీసేవాళ్లు". మూలంలో కావ్యపు ఆఖరి పదం కూడా హెక్టర్‌కు పెట్టిన ఆ బిరుదే. అలాంటి జాతిని కూల్చింది గుర్రం రూపమే. ఈ ప్రతీకలో నన్ను కదిలించేది ఆ సంగతి.

పైగా గెలిచినవాడు దాన్ని ఎలా విన్నాడో చూడండి. ఒడిస్సియస్ కోరి మరీ ఆ కథ పాడించుకుంటాడు, విని ఏడుస్తాడు. ఆ ఏడుపును హోమర్ పోల్చింది, ఊరిని కాపాడుతూ చచ్చిన భర్త శవం మీద పడి ఏడుస్తుండగా శత్రువులు ఈటెలతో పొడిచి దాస్యానికి ఈడ్చుకుపోతున్న ఆడమనిషితో.