ఏసీ కావాలి సరే, ఎన్ని డిగ్రీల్లో?

టమాటా ధర కుప్పకూలిన ప్రతిసారీ ఉమ్మడి ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో ఒకే డిమాండు వినిపిస్తుంది. మిర్చికి ఏసీలున్నాయి (కోల్డ్ స్టోరేజీలను ఇక్కడ ఏసీలనే అంటారు), శనగలకు ఏసీలున్నాయి, మాకెందుకు లేవని కనిగిరి, పొదిలి, ఉదయగిరి మెట్టల్లో బోరు నీళ్లతో టమాటా పండించే రైతు అడుగుతాడు. అడగడంలో న్యాయముంది. కోత కూలి, క్రేట్ల బాడుగ, ఆటో కిరాయి పోను చేతికి ఏమీ మిగలదని తేలాక, ఎర్రగా పండిన చేలోకి గొర్రెలను తోలేసిన రైతు గోడు విన్నవాళ్లెవరూ ఆ డిమాండును కాదనలేరు. మేమూ కాదనడం లేదు. దానికి ఒక ప్రశ్న మాత్రం జోడించమంటున్నాం. ఏసీ కట్టండి, కానీ ఎన్ని డిగ్రీల్లో?

మన జిల్లాల్లో కోల్డ్ స్టోరేజీ అనగానే గుర్తొచ్చేది మిర్చి బస్తాల గోడౌను. ఎండుమిర్చి, శనగ ఆరిపోయిన సరుకులు. పది డిగ్రీల లోపు చలిలో పెడితే పురుగు పట్టదు, రంగు పోదు, నెలల తరబడి నిలుస్తాయి. టమాటా అలాంటిది కాదు. తొడిమ నుంచి తెంపాక కూడా అది బతికే ఉంటుంది. ఊపిరి తీస్తుంది, వేడి పుట్టిస్తుంది, లోపల పని సాగిస్తూనే ఉంటుంది. మిర్చి ఏసీలో ఒక మూల ఖాళీగా ఉంది కదా అని పచ్చి టమాటా క్రేట్లు పెడితే ఆ పని మధ్యలో ఆగిపోతుంది. ఒకసారి ఆగిందంటే మళ్లీ సవ్యంగా మొదలుకాదు.

ఆ పనేమిటో మన భాషకు ఎప్పుడో తెలుసు. పిందె, కాయ, దోర, పండు అని నాలుగు మెట్లకు నాలుగు మాటలున్నాయి. ఇందులో దోర దగ్గరే అసలు సంగతంతా ఉంది. అడుగున, అంటే పూత రాలిన కొన వద్ద, లేత పసుపో గులాబీయో ఒక చిన్న మరకలా తొంగిచూసే కాయను తెంపి అడ్డంగా కోసి చూడండి. పైన తోలు ఇంకా పచ్చగానే ఉంటుంది. లోపల గింజల చుట్టూ ఉండే జిగురు మాత్రం అప్పటికే మెత్తబడి ఎర్రబారుతూ ఉంటుంది. కత్తి దించితే గింజ తెగకుండా పక్కకు జారుతుంది. మరీ లేత కాయనైతే గింజలతో సహా కోసేస్తుంది. పండటం లోపలి నుంచి బయటికి సాగుతుంది. కంటికి రంగు కనిపించేసరికి సగం పని అయిపోయినట్టే.

ఈ పనికి మేస్త్రీ ఎథిలీన్ అనే వాయువు. వీధిదీపాల గ్యాసులోని ఎథిలీన్ వల్లే బఠానీ మొలకలు వంకర పోతున్నాయని రష్యా శాస్త్రవేత్త దిమిత్రీ నెల్యూబోవ్ 1901లో గుర్తించాడు. పండే పండు తానే ఆ వాయువును తయారు చేసుకుంటుందని 1934లో ఇంగ్లండులో రిచర్డ్ గేన్ రుజువు చేశాడు. మన ఊళ్లలో మామిడికాయలు వరిగడ్డిలో మాగేసినా, అరటి గెలలకు పొగ పెట్టినా అక్కరకొచ్చింది ఈ వాయువే. టమాటాలో దీని తీరు మరీ చిత్రం. దోర దశకు రాగానే కాయ కొద్దిగా ఎథిలీన్ వదులుతుంది. ఆ కొద్దిపాటి వాయువే మరింత తయారు చేయమని కాయను తొందరపెడుతుంది. గంపలో ఒక్కటి బాగా పండితే పక్కనున్న పచ్చివి కూడా దారి పట్టేది అందుకే. ఇక అక్కడి నుంచి పచ్చదనం విరిగిపోతుంది, లైకోపీన్ అనే ఎరుపు పేరుకుంటుంది, కణాల గోడలు కరిగి గుజ్జు మెత్తబడుతుంది, పులుపు తగ్గుతుంది, వాసన పుడుతుంది. మాగించడానికి కార్బైడు వాడే వ్యాపారులకు కూడా ఒక మాట. దాన్నుంచి వచ్చే ఎసిటిలీన్ వాయువు ఎథిలీన్‌ను అనుకరిస్తుందే తప్ప అది ఎథిలీన్ కాదు. పైగా ఆ రాయిలో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ జాడలుంటాయి. దేశంలో దానిపై నిషేధముంది. ఎథిలీన్ వాయువును మాత్రం గదిలో 100 పీపీఎం (పది లక్షల పాళ్లలో వంద పాళ్లు) వరకు అనుమతించారు.

ఇప్పుడు చలి దగ్గరికి వద్దాం. టమాటా పుట్టిల్లు దక్షిణ అమెరికా వెచ్చని నేలలు. గడ్డకట్టే చలి దాకా పోనక్కర్లేదు, పది డిగ్రీలకు దిగువన కొన్ని రోజులుంటే చాలు దాని కణాల పొరలు దెబ్బతింటాయి. ఐదు డిగ్రీల్లో వారం గడిపిన పచ్చికాయ బయటికొచ్చాక సరిగా ఎర్రబడదు. మచ్చలు మచ్చలుగా రంగు తిరుగుతుంది, తోలు మీద గుంటలు పడతాయి, నల్లటి బూజు తెగులు పట్టుకుంటుంది. ఇందులో రైతును ముంచే విషయం ఇంకొకటుంది. ఈ చలిదెబ్బ గదిలో ఉండగా కనబడదు. తీసేటప్పుడు నిగనిగలాడిన కాయ రెండు రోజుల తర్వాత దుకాణంలో కుళ్లుతుంది. అప్పుడు తరుగు భరించేది, మాట పడేది సరుకు పంపిన రైతే.

రుచి సంగతి కూడా తేలింది. ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో హ్యారీ క్లీ బృందం 2016లో ప్రచురించిన పరిశోధనలో, పండిన టమాటాలను 5 డిగ్రీల్లో వారం ఉంచి, ఆపైన ఒక రోజు బయట పెట్టి చూశారు. చక్కెరలు, పులుపు దాదాపు అలాగే ఉన్నాయి. వాసననిచ్చే పదార్థాలు మాత్రం బాగా పడిపోయాయి. వాటిని తయారు చేసే జన్యువులు చలికి మూతపడ్డాయి. ఫ్రిజ్‌లోంచి తీసిన టమాటాతో చారు కాస్తే రంగే గానీ గుబాళింపు లేదని మన ఇళ్లలో అమ్మలు ఏనాటి నుంచో అంటున్న మాటకు ఇదే కారణం. దోరకాయలు తెచ్చి వంటింటి గట్టు మీద, తొడిమ మచ్చ కిందికి ఉండేలా పరిచిపెట్టడం మేలు. టమాటా తోలుకు ఆకుకున్నట్టు రంధ్రాలుండవు. తేమ పోయేదీ, ఊపిరి ఆడేదీ ఎక్కువగా ఆ మచ్చ గుండానే.

చలి ఒక శత్రువైతే మన ఎండ ఇంకొకటి. దీని గురించి ఎవరూ మాట్లాడరు. 30 డిగ్రీలు దాటి వేడి కొనసాగితే లైకోపీన్ తయారీ కుంటుపడుతుంది. నారింజ రంగునిచ్చే కెరోటిన్ మాత్రం పోగవుతూనే ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో ఒంగోలు, నెల్లూరు మార్కెట్లకు పసుపు తిరిగిన టమాటా వచ్చిందంటే అది విత్తనం లోపమో రైతు అశ్రద్ధో కానక్కర్లేదు. చెట్టు మీదే ఎర్రబడాలని 40 డిగ్రీల ఎండలో వదిలేసిన కాయ అది. అదే కాయను దోరగా ఉన్నప్పుడే తెల్లవారుజామున కోసి, 20 డిగ్రీల గదిలో మాగనిస్తే నిండుగా ఎర్రబడుతుంది. రాత్రిళ్లు కూడా చల్లబడని రోజుల్లో పూత నిలవకపోవడం వేరే సమస్య. దానికి గదులు మందు కావు.

అంటే టమాటాకు కావలసింది చలికీ ఎండకూ మధ్యనున్న ఇరుకు దారి. పచ్చికాయకు, దోరకాయకు 13 డిగ్రీల చుట్టూ, తొంభై శాతం తేమతో ఉండే గది. మాగబెట్టాలంటే 18 నుంచి 21 డిగ్రీల గది. మిర్చి ఏసీ అంత చలి ఈ గదికి అక్కర్లేదు. దోరకాయ ఇలాంటి గదిలో రెండు వారాల వరకు ఆగుతుంది. ఆ గదిలోనే ఆకుకూరలు, కీరదోసకాయలు కలిపి పెట్టకూడదు. టమాటా వదిలే ఎథిలీన్‌కు అవి పసుపు తిరిగిపోతాయి. గూడూరు, పొదలకూరు నిమ్మ వ్యాపారులకూ ఇదే జాగ్రత్త అవసరం. పచ్చటి నిమ్మ కూడా ఎథిలీన్ తగిలితే రంగు మారుతుంది.

రెండు వారాలు అన్నాం. ఆ మాట దాచి ఆశలు పెంచడం మాకిష్టం లేదు. ఉల్లిలాగా, బంగాళాదుంపలాగా టమాటాను నెలలు దాచే గది ప్రపంచంలో ఎక్కడా లేదు. 2018-19 కేంద్ర బడ్జెట్‌లో టమాటా, ఉల్లి, బంగాళాదుంపలకు కలిపి ఆపరేషన్ గ్రీన్స్ పేరుతో 500 కోట్లు ప్రకటించినప్పుడు మూడింటినీ ఒకే గాటన కట్టారు. మొక్కల స్వభావం వేరు. మదనపల్లె నుంచి లారీలు వరసగా దిగి ధర పడిపోయిన నాలుగు రోజులు రైతు ఆగగలిగితే, దళారి చెప్పిన రేటుకు తలవంచకుండా ఉండగలిగితే, గది తన పని చేసినట్టు. మిగులు అంతకు మించితే ముక్కలు కోసి ఎండబెట్టాలి, లేదా గుజ్జు తీయాలి. టమాటాలో వందకు 94 పాళ్లు నీళ్లే. ఇరవై కిలోలు ఎండిస్తే వచ్చేది కిలో పైచిలుకు. మన మెట్ట ఎండ ఈ ఒక్క పనికి వరం. స్వయం సహాయక సంఘాల మహిళలు ఊరగాయలకు వాడే నైపుణ్యమే ఇక్కడా సరిపోతుంది. శుభ్రమైన ఆరబోత చోటు, తూకం, కొనేవాడు ఉండాలి.

గది కట్టేలోపు చేయగలిగింది కూడా ఉంది. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ 1980ల్లో రూపొందించిన ఇటుక తొట్టి కరెంటు లేకుండా పనిచేస్తుంది. రెండు వరసల ఇటుక గోడ, మధ్యలో తడి ఇసుక, పైన గడ్డి చాప, అంతే. నీరు ఆవిరవుతూ లోపలి వేడిని లాగేస్తుంది. గాలి పొడిగా ఉంటేనే ఇది బాగా పనిచేస్తుంది కనుక సముద్రపు గాలి తగిలే కావలి కన్నా ఉదయగిరి, కనిగిరి వైపు వేసవిలో ఎక్కువ చల్లదనం ఇస్తుంది. అది 13 డిగ్రీలకు దించదు. చేలో గట్టున ఎండలో మగ్గే క్రేటును నీడకు, చల్లదనానికి మాత్రం చేరుస్తుంది. పది డిగ్రీల వేడి తగ్గితే కాయ ఊపిరి వేగం సగానికో అంతకన్నా కిందికో పడుతుంది. మార్కెట్‌కు చేరేలోపు రైతుకు ఒక రోజు మిగలడమంటే అదే.

సొమ్ముకు దారి లేకపోలేదు. 2020లో మొదలైన వ్యవసాయ మౌలిక వసతుల నిధి కింద 2 కోట్ల వరకు రుణంపై ఏటా 3 శాతం వడ్డీ రాయితీ ఏడేళ్ల దాకా వర్తిస్తుంది. రైతు సంఘాలు, సహకార సంఘాలు దీనికి అర్హులే. ఉద్యాన శాఖ ముందుగా చేయవలసింది ఒకటుంది. రైతు సేవా కేంద్రాల్లో పచ్చికాయ నుంచి పండు దాకా రంగు మెట్లు చూపే బొమ్మల పట్టీ వేలాడదీయాలి. ఏ మెట్టు దగ్గర కోస్తే ఎన్ని డిగ్రీల్లో ఎన్ని రోజులు ఆగుతుందో దాని కిందే రాయాలి. ఒంగోలు, నెల్లూరు రైతుబజార్ల పక్కన ఒక్కో గది, పది టన్నులదైనా చాలు, 13 డిగ్రీల థర్మామీటరు తలుపు బయటికి కనిపించేలా పెట్టి, వచ్చే వేసవి కోతలకు ముందే తెరవాలి.