సవరణ: లూపస్ యాంటీకోయాగ్యులెంట్ పరీక్ష, 12 వారాల గడువు
రక్తం గడ్డకట్టే ముప్పు పెంచే యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలపై (లూపస్ యాంటీకోయాగ్యులెంట్ వాటిలో ఒకటి) గత టపాలో, పాజిటివ్ వస్తే 6 వారాలకు మళ్లీ పరీక్షించాలని రాశాం. తప్పు. అది ఈ యాంటీబాడీల వల్ల వచ్చే జబ్బును గుర్తించేందుకు నిపుణులు పెట్టిన, 1999 నాటి సప్పోరో ప్రమాణం. 2006 సిడ్నీ సవరణతో కనీసం 12 వారాలైంది. ఇన్ఫెక్షన్ తెచ్చిన తాత్కాలిక యాంటీబాడీలు ఆలోపు తగ్గిపోవచ్చు.

"రక్తం పలచబరిచే మందులు అడ్డుకావు" అన్న వాక్యమూ తీసేశాం. ఇదే కోవలోని కార్డియోలిపిన్, బీటా-2 గ్లైకోప్రోటీన్ యాంటీబాడీలను నేరుగా కొలిచే ఎలైజా పరీక్షలకు అది సరే. కానీ లూపస్ యాంటీకోయాగ్యులెంట్ (పేరే తికమక: గడ్డకట్టనివ్వనిదని అర్థం, శరీరంలో ఈ యాంటీబాడీ గడ్డలే కట్టిస్తుంది) పరీక్ష గడ్డకట్టే సమయాన్ని కొలుస్తుంది. అందుకే రివరోక్సబాన్ అనే పలచబరిచే మందు వాడుతుంటే, ఈ పరీక్షలో ఒక రకమైన డీఆర్‌వీవీటీ తప్పుడు పాజిటివ్ రావచ్చు. మందు పేరు, చివరి మోతాదు వేళ ల్యాబ్‌కు రాసివ్వండి. సొంతంగా మాత్రం ఆపొద్దు. ల్యాబ్‌లో ప్లాస్మాను (రక్తంలోని ద్రవభాగం) ఫ్రీజ్ చేసి నిల్వచేసే ముందు రెండుసార్లు సెంట్రిఫ్యూజ్ చేయాలి (వేగంగా తిప్పి కణాలను వేరుచేయాలి). ప్లేట్‌లెట్లు మిగిలితే వాటిలోని ఫాస్ఫోలిపిడ్ అనే కొవ్వు పదార్థం ఈ యాంటీబాడీని కప్పేసి, తప్పుడు నెగెటివ్ ఇస్తుంది.