కుడి చెయ్యి రాష్ట్రానిది, ఎడమ చెయ్యి కేంద్రానిది

రాష్ట్రంలో తొలి కరోనా కేసు 2020 మార్చిలో మా నెల్లూరులోనే బయటపడింది. ఆ ఘనత ఎవరూ కొనుక్కున్నది కాదు కాబట్టి దానికి జీఎస్టీ పడలేదు. తర్వాత కొన్నవాటికి పడింది.

ట్రంకురోడ్డు మీద మందులషాపులో శానిటైజరు కొన్నా. 200 మిల్లీలీటర్ల సీసా 100 రూపాయలు దాటకూడదని కేంద్రం హద్దు పెట్టింది. బిల్లు చూస్తే ఆ నూరులో 15 రూపాయల పావలా పన్నే! సగం కేంద్రానికి, సగం రాష్ట్రానికి.

"ఏందబ్బా, మందుకు ఇంత పన్నా?"

"మందు కాదన్నా, సబ్బు లెక్క."

జులైలో ఆర్థికశాఖ కూడా అదే సెలవిచ్చింది. శానిటైజరు సబ్బు కోవలోదట, 18 శాతమే సబబట. తగ్గిస్తే దేశీ తయారీదారు దెబ్బతింటాడట, కొనేవాడికీ చివరికి ఒరిగేదేం లేదట. మన మేలు కోరి మన దగ్గరే వసూలు చెయ్యడం కన్నతల్లికి కూడా చేతకాదు. అప్పట్నుంచి రెండు చేతులూ రుద్దుకున్నప్పుడల్లా రెండు ప్రభుత్వాలూ కరచాలనం చేసుకున్నట్టే ఉండేది.

కాదనకూడదు, మంచీ చేశారు. జీఎస్టీ రిటర్నుల గడువు జూన్ 30కి జరిపారు. వెంటిలేటర్లకు దిగుమతి సుంకం ఎత్తేశారు. కస్టమ్స్‌లో స్టాంపు పేపరు బాండు బదులు తెల్లకాగితం మీద హామీ చాలన్నారు. లాక్‌డౌన్‌లో స్టాంపు పేపర్లమ్మేవాళ్లు షట్టర్లు దించితేగానీ, అవి లేకపోయినా సరుకు రేవు దాటుతుందని తెలిసిరాలేదు!

2021లో అమెరికా పిల్లలు అమ్మానాన్నలకు పంపే ఆక్సిజన్ మిషన్ మీద 28 శాతం పన్ను ఉండేది, మే 1న 12 చేశారు. కానుక మీద ఆ పన్ను చెల్లదని ఢిల్లీ హైకోర్టు మే 21న చెప్పింది. సరిగ్గా అదేరోజు మా జిల్లా కృష్ణపట్నంలో నాటువైద్యుడు ఆనందయ్య ఇచ్చే కరోనా మందుకు జనం పోటెత్తారు. అది ఉచితం. తేనె, ముళ్లవంకాయ కలిపిన కంటిచుక్కల్ని కూరగాయ అనుకుంటే పన్ను లేదు, ఆయుర్వేదం అనుకుంటే ఉంది. ఆయన రూపాయి తీసుకుని ఉంటే, పన్ను రేట్లు తేల్చే జీఎస్టీ కౌన్సిల్ ఇంకా కూర్చునే ఉండేది.

జూన్ 12న ఆ కౌన్సిలే కరిగింది. శానిటైజరు 18 నుంచి 5కు, అంబులెన్సు 28 నుంచి 12కు దిగాయి. సెప్టెంబరు 30 దాకా మాత్రమే. ఆ రాత్రికి కరోనా మూటాముల్లె సర్దుకుంటుందని లెక్క కాబోలు.

అక్టోబరు 1 నుంచి సీసా మళ్లీ సబ్బయిపోయింది.