నీరు పల్లమెరుగు

మొన్న ఆదివారం మా వియ్యంకుడుగారు మా ఇంట్లో స్నానం చేశారు. దాని సంగతి చెప్పాలంటే ముందుగా కాంట్రాక్టరు గురించి రెండు ముక్కలు చెప్పక తప్పదు.

గుంటూరు బ్రాడీపేటలోని మా పాత ఇంట్లో స్నానాలగది నేల తవ్వించి కొత్త టైల్స్ వేయించాలని ఇద్దరిని పిలిచాను. మొదటాయన సామానుతో కలిపి 85 వేలు అడిగారు. రసమట్టం పెట్టి చూసి, 8 అడుగుల పొడవున్న గదికి జాలీ వైపు కనీసం అంగుళం వాలు ఉండాలన్నారు. టైల్స్ పరచకముందే జాలీ మూసి, 24 గంటలు నీళ్ళు నిలబెట్టి చూడాలని కూడా అన్నారు. ఊరికే నిలబడే నీళ్ళకు కూడా బిల్లు వేసే రకమని నేను లోలోపల నవ్వుకున్నాను. రెండో మనిషి గుమ్మంలోంచి తొంగిచూసి 48 వేలన్నాడు. వాస్తు కూడా తానే చూసుకుంటానన్నాడు. 37 వేల తేడా కళ్ళెదుట కనిపిస్తుంటే రసమట్టం ఎవరికి గుర్తుంటుంది? పది రోజుల్లో పని అయిపోయింది.

ఆదివారం ఉదయం తెనాలి నుంచి వచ్చిన వియ్యంకుడుగారు స్నానానికి వెళ్ళారు. హాల్లో కాఫీ తాగుతున్న వియ్యపురాలుగారికి నేను ఆదా చేసిన 37 వేల గురించి కొంత విపులంగానే వివరిస్తున్నాను. అప్పుడు స్నానాలగది తలుపు కింది సందులోంచి ఒక నీటిపాయ తల బయటపెట్టింది. అదేమీ తొందరపడలేదు, చందనపు సబ్బు నురగను నెత్తిన పెట్టుకుని, కొత్త చుట్టంలా గుమ్మంలో కాసేపు తటపటాయించి, తరువాత ఇల్లు తనదే అన్నట్టు హాల్లోకి నడిచింది. లోపల వియ్యంకుడుగారు నదుల పేర్లున్న స్నానశ్లోకం గట్టిగా చదువుతూ, నదికొక చెంబు చొప్పున పోసుకుంటున్నారు. గంగ పాయ సోఫా కోడు చుట్టూ ప్రదక్షిణం చేసింది; గోదావరి నాటికి నా దినపత్రిక తడిసింది. ఆ శ్లోకంలో ఉన్నవి ఏడు నదులు మాత్రమే కావడమూ, వాటిలో మన కృష్ణ లేకపోవడమూ ఆ రోజు నాకు కలిసొచ్చాయి. వియ్యంకుణ్ణి స్నానం మధ్యలో ఆపమని కోరడానికి తగిన మర్యాదైన మాట తెలుగులో ఇంతవరకు పుట్టలేదు. వారధి కట్టడానికి రాముడికి వానరసేన ఉంది. నాకు పాత పత్రికలే దిక్కయ్యాయి. సింధు దగ్గర వియ్యపురాలుగారు కప్పు కింద పెట్టకుండానే రెండు కాళ్ళూ సోఫా మీదికి తీసుకుని, “టైల్స్ రంగు చాలా బాగుంది అన్నయ్యగారూ” అన్నారు. ఆమె సంస్కారం అంత గొప్పది కాకపోయినా నాకు కొంత తేలికగా ఉండేది.

ఆరుసార్లు ఫోను చేయించుకున్న తరువాత, మంగళవారం సాయంత్రం కాంట్రాక్టరు వచ్చాడు. జాలీ పక్కన చెంబెడు నీళ్ళు పోసి, అవి జాలీకి వీపు తిప్పి నేరుగా గుమ్మం వైపు పరుగెత్తడం చూసి, తన కొడుకు పరుగుపందెంలో గెలిచినంతగా సంతోషించాడు.

“ఈశాన్యం పల్లంగా ఉండాలి సార్, అది శాస్త్రం. నైరుతిలో జాలీ పెట్టుకున్నది మీవాళ్ళే” అన్నాడు.

జాలీని ఈశాన్యానికి మార్చడానికి 40 వేలు అవుతుందట. వాస్తు చూసినందుకు మాత్రం ఏమీ తీసుకోడట.