కారు ఇన్సూరెన్సు గారికి, ఏటిగట్టు మీద నుంచి

మహారాజశ్రీ కారు ఇన్సూరెన్సు పాలసీ గారికి,

ఆయ్, నమస్కారమండి. తమరు క్షేమమని తలుస్తాను. తమరికి క్షేమం కాక ఏముంటుందిలెండి, తమరు లేకుండా మేం రోడ్డెక్కకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 146వ సెక్షనే రాసి పెట్టింది. ఎక్కి దొరికితే మొదటిసారి 2,000, మళ్ళీ దొరికితే 4,000 జరిమానా, కోర్టువారి దయ ఇంకాస్త ఎక్కువైతే మూడు నెలల దాకా జైలు. పెళ్ళాం పిల్లలు లేకుండా రావులపాలెం నుంచి అమలాపురం వెళ్ళొచ్చు గానీ, తమరు లేకుండా వెళ్ళకూడదు. ఇంత పలుకుబడి ఉన్నవారికి రాస్తున్నాను కాబట్టి చేతులు కట్టుకునే రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతే మన్నించండి.

విషయం ఏంటంటే, "చవగ్గా ఎక్కడ దొరుకుతుందో చూడరా" అని మా బంధువులంతా కలిసి నాకు పని పెట్టారు. ఫోనులో ఫారాలు నింపడం వచ్చినవాడికి ఇలాంటి పనులు ఎవరూ అడక్కుండానే వచ్చి పడతాయి. సరే, ఎవరు ఎలా నడుపుతారో చూసి వాళ్ళకి తగ్గది తెద్దామని కూర్చున్నాను. మేం ఎలా నడుపుతామో తమరికి పెద్దగా పట్టదని అప్పుడు తెలిసింది.

మా పెదనాన్నగారు మండపేటలో ఉంటారు. రిటైరైన హెడ్మాస్టరు. కారు తీసేది పెళ్ళిళ్ళకి, అంతర్వేది తీర్థానికి. స్పీడు నలభై దాటనివ్వరు. వెనకాల ఆర్టీసీ బస్సు, కొబ్బరికాయల లారీ, ట్రాక్టర్లు వరసగా వస్తుంటే ఏదో ఊరేగింపనుకుని దారిలో ముసలమ్మలు దణ్ణం పెడతారు. మా మేనల్లుడికి పద్దెనిమిది నిండీ నిండగానే లైసెన్సు వచ్చింది. ఏటిగట్టు మీద ఒక చేత్తో స్టీరింగు తిప్పుతూ రెండో చేత్తో రీలు తీస్తాడు. ఇద్దరిదీ ఒకే మోడలు, ఒకే ఏడు కొన్న కార్లు. తగ్గింపులు లెక్కేయకముందు తమరు ఇద్దరికీ చెప్పిన రేటు చూస్తే ఎవరిది ఏదో పోల్చుకోలేకపోయాను.

తమరు అడిగేదల్లా ఇంజిను ఎన్ని సీసీలు, బండి వయసెంత, ఏ ఊళ్ళో రిజిస్టరైంది, ఇప్పుడు విలువెంత. పెళ్ళిచూపులకి వచ్చి, కుర్రాడు తల దువ్వుకుని బయటికి వచ్చేలోపు వాకిట్లో అతని బండి చుట్టూ తిరిగి, మైలేజీ కనుక్కుని, "సంబంధం మాకు నచ్చిందండి" అని వెళ్ళిపోయినట్టుంది తమరి వరస.

మా చిన్నాన్న కొడుకు డల్లాస్‌లో ఉంటాడు. అక్కడ కుర్రకారుకి పెద్దవాళ్ళకన్నా ప్రీమియం బాగా ఎక్కువట. చదువుకునే పిల్లలకి మార్కులు బాగా వస్తే కొన్ని కంపెనీలు తగ్గిస్తాయట కూడా. ఈ మాట దయచేసి మా వైపు కార్పొరేట్ కాలేజీల చెవిన వేయకండి. "కారు బీమాలో రాయితీ సాధించిన మా ఆణిముత్యాలు" అని సెంటర్లో ఫ్లెక్సీ కట్టేస్తారు. ఆ బ్యాచికి కట్టే ఫీజుతో ఇంకో కారు వస్తుంది.

మా మీద తమరికి ఒక్కచోట దయ కలిగిందండి, అది ఒప్పుకోవాలి. హైదరాబాదు, చెన్నై, బెంగళూరు లాంటి ఎనిమిది నగరాలని ఎ జోన్ అన్నారు. మిగతా దేశమంతా బి జోన్. మాది బి. అంటే సొంత బండి డ్యామేజీకి కట్టే రేటు మాకు కాస్త తక్కువ, ఎందుకంటే తమరి లెక్కలో ఇక్కడ ప్రమాదం తక్కువ. వరి కోతలప్పుడు ఒక సాయంత్రం ఆత్రేయపురం వైపు కాలవగట్టు రోడ్డు మీద తమరే స్వయంగా రండి. ఒక పక్క కాలవ, ఇంకో పక్క తారు మీద ఆరబోసిన ధాన్యం, మధ్యలో ఇంటికెళ్తున్న గేదెలు, ఎదురుగా హెడ్‌లైటు లేని గడ్డి ట్రాక్టరు. వాటిలో ఏ గేదె బి జోన్‌దో కనిపెట్టి నాకు చూపించండి.

ఇక ధర సంగతి. థర్డ్ పార్టీ ముక్క, అంటే మన బండి వల్ల ఎదుటివాళ్ళకి జరిగే నష్టానికి కట్టేది, కేంద్ర ప్రభుత్వం ఖరారు చేసిందట. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం వెయ్యి సీసీ లోపు కారుకి ఏడాదికి 2,094, పదిహేను వందల దాకా 3,416, ఆ పైన 7,897. దీని మీద 18 శాతం జీఎస్టీ. 2025 సెప్టెంబరులో సొంతంగా కొనుక్కునే ఆరోగ్య బీమాకి జీఎస్టీ ఎత్తేశారు గానీ కారుకి ఎత్తలేదు. మా బావ రావులపాలెం అరటి గెలల మార్కెట్లో బేరానికి దిగితే వ్యాపారులు టీ తాగే నెపంతో తప్పుకుంటారు. అలాంటివాడు థర్డ్ పార్టీలో ఒక్క రూపాయి తగ్గించలేక తలొంచుకుని వచ్చాడు. ఏ కంపెనీకి వెళ్ళినా అదే రేటు. ఎలక్ట్రిక్ కారైతే 15 శాతం తక్కువ, వింటేజి కారైతే సగమే. వింటేజి కోటాలో తనకేమైనా వస్తుందా అని పెదనాన్నగారు ఆశగా అడిగారు. కారుకేనండి, మనిషికి కాదన్నాను.

బేరమంతా రెండో ముక్కలో ఉంది, అంటే మన బండికి జరిగే నష్టానికి కట్టేదాంట్లో. 2007 నుంచి ఈ రేట్లకి కళ్ళెం తీసేశారు కాబట్టి ఒకే కారుకి పది కంపెనీలు పది ధరలు చెబుతాయి. షోరూములో టై కట్టుకున్న అబ్బాయి "ఇక్కడే తీసుకోవాలి సార్" అంటాడు. అలాంటి రూలేమీ లేదు. కొత్త కారుకి మూడేళ్ళ థర్డ్ పార్టీ ఒకేసారి కట్టమని 2018లో సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే. సొంత డ్యామేజీ పాలసీ మాత్రం 2019 సెప్టెంబరు నుంచి విడిగా, ఏ కంపెనీ దగ్గరైనా కొనుక్కోవచ్చు. ఈ ముక్క ఆ అబ్బాయికి తెలియక కాదు, ఆ టై అతన్ని మాట్లాడనివ్వదు.

చవకలో ఉన్న చమత్కారమంతా మా ఊరి ఏజెంటు చూపించాడు. ఎవరికి ఎంత తగ్గించాలన్నా అతని దగ్గర ఒకటే మంత్రం, ఐడీవీ తగ్గించెయ్యడం. అంటే బండి విలువ తక్కువ చూపిస్తాడు, ప్రీమియం తగ్గుతుంది, మేం చంకలు గుద్దుకుంటాం. బాగుచేసే ఖర్చు ఆ విలువలో 75 శాతం దాటితే తమరు బండి మొత్తం పోయిందని రాసేసి ఐడీవీ లెక్కనే చేతిలో పెడతారు. నాలుగైదు వందలు మిగిల్చినందుకు ఏజెంటుకి పూతరేకుల డబ్బా ఇచ్చినవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు.

తమరి పత్రం నేను మొత్తం చదివానండి. చదివేకొద్దీ తమరి మీద గౌరవం పెరిగింది. కొబ్బరికాయ పడితే ఇస్తారా అని చూశాను. బయటి కారణం వల్ల జరిగిన ప్రమాదం కింద ఇస్తారు. అయితే అద్దం మీద పడితే తరుగు లేదు, పూర్తిగా ఇస్తారు. ప్లాస్టిక్ బంపరు మీద పడితే సగం తరుగు. బానెట్టు మీద పడితే బండి వయసుని బట్టి. పైగా పదిహేను వందల సీసీ దాకా వెయ్యి, ఆ పైనైతే రెండు వేలు ప్రతి క్లెయిముకీ మేమే పెట్టుకోవాలి. కాయ ఎక్కడ పడాలో మా పెరట్లో చెట్లకి చెప్పి చూస్తున్నాను, ఇంకా దారికి రాలేదు.

బళ్ళని ఏరు దాటించే పంటు సంగతి చూసి కళ్ళు చెమర్చాయి. రోడ్డు, రైలు, లోతట్టు జలమార్గం, లిఫ్టు, విమానం, వీటి మీద బండిని తీసుకెళ్తుంటే జరిగిన నష్టం కూడా ఇస్తామని రాశారు. కారెక్కే లిఫ్టు మా జిల్లాలో నేను చూడలేదు గానీ, నరసాపురం నుంచి సఖినేటిపల్లికి పంటు మీద గోదావరి దాటే కారు తమరి నీడలోనే ఉందన్నమాట. ఎక్కడో కూర్చుని ఎవరు రాశారో గానీ ఆయన చల్లగా ఉండాలి.

ఆ మురిపెం రెండు పేజీలు కూడా నిలవలేదు. మాది నీళ్ళ దేశమండి. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. 2022 జూలైలో మూడోది ఎగరేసినప్పుడు లంకల్లో కాజ్‌వేలు కనిపించకుండా పోయాయి. 1996 నవంబరు తుఫాను సంగతి కోనసీమలో ఎవరినడిగినా పూట పడుతుంది. వరద, తుఫాను, ముంపు అన్నీ ఫుల్ ఇన్సూరెన్సులో ఉన్నాయని మొదటి పేజీలోనే రాశారు, చదివి పొంగిపోయాం. లోపలికి వెళ్తే, నీళ్ళలో ఉన్న బండిని స్టార్టు చేయబోతే ఇంజిన్లోకి నీరు పీల్చుకుని పట్టేసిందనుకోండి, అది వరద నష్టం కాదట, దాని పర్యవసానమట. దానికి ఇవ్వరు. ఇవ్వాలంటే ఇంజిన్ ప్రొటెక్ట్ అని విడిగా కొనుక్కోవాలి.

ఇప్పుడు చెప్పండి, చవక పాలసీ కావాలన్నప్పుడు మా ఏజెంటు మొట్టమొదట తీసేసేది ఏది? అదే. సీట్లు నానినా, కార్పెట్టు నానినా ఇస్తారు, గుండెకాయకి మాత్రం ఇవ్వరు. ఎడారిలో ఉన్న జైసల్మేర్‌లో అది తీసేసి అమ్మితే తమరిని నేనే మెచ్చుకునేవాణ్ణి. లంక ఊళ్ళో ఇంజిన్ కవర్ లేని పాలసీని "బెస్ట్ ప్రైస్" అని అమ్మడానికి ఎంత నిబ్బరం కావాలి! మా రొయ్యల చెరువుల రైతులు అర్ధరాత్రి కరెంటు పోతే నీళ్ళకి గాలి అందించే ఏరియేటర్ల కోసం వానలో చెరువుగట్ల మీద కార్లేసుకుని పరిగెత్తేవాళ్ళు. వాళ్ళకి తమరు ఇచ్చే సలహా, నీళ్ళలో ఆగితే తాళం తిప్పొద్దు, బండిని లాగించుకుని షెడ్డుకి తీసుకెళ్ళమని. మంచి సలహానే. అది అమ్మేటప్పుడు చెప్పినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

మనిషిని తమరు పట్టించుకునేది ఒక్క నో క్లెయిమ్ బోనస్‌లో. క్లెయిమ్ లేకుండా ఒక ఏడు గడిస్తే 20 శాతం, తర్వాత 25, 35, 45, ఐదేళ్ళకి 50. అది కారుది కాదు, ఓనరుది. పాతకారు అమ్మేసినా మనతోనే వస్తుంది, మూడేళ్ళలోపు కొత్త కారుకి వాడుకోవచ్చు. బాగుంది. రెన్యూవల్ తప్పి 90 రోజులు దాటితే మాత్రం మంటగలుస్తుంది. సగం తగ్గేది కూడా సొంత డ్యామేజీ ముక్కలోనే, థర్డ్ పార్టీలో కాదు.

దీంతో మా పెదనాన్నగారి జీవితమే మారిపోయింది. గేటు తగిలి బంపరు పగిలింది. ఆరు వేల బంపరు అనుకోండి, ప్లాస్టిక్ కాబట్టి సగం తరుగు, అందులోంచి వెయ్యి మనది, తమరిచ్చేది రెండు వేలు. అది తీసుకుంటే వచ్చే ఏడు 50 శాతం బోనసు సున్నా అవుతుంది. ఆయన డ్యామేజీ ప్రీమియం ఎనిమిది వేలనుకుంటే ఎగిరిపోయేది నాలుగు వేలు. లెక్కల మాస్టారు కదా, పగిలిన బంపరుకి టేపేసి తిరుగుతున్నారు. ఇన్సూరెన్సు కట్టేది వాడుకోకుండా ఉండటానికేనని మా ఇంట్లో అందరికన్నా ముందు ఆయనకే అర్థమైంది.

అల్లుళ్ళ విషయంలో మాత్రం తమరిది క్షమించరాని నేరం. ఓనరు పోతే ఈ బోనసు ఎవరికి వెళ్తుందో రాశారు, భార్యకి లేదా భర్తకి, పిల్లలకి, తల్లిదండ్రులకి. అంతే. అల్లుడి ఊసే లేదు! సంక్రాంతికి వచ్చిన కొత్త అల్లుడికి వందల రకాలు వండి వడ్డించి, ఆ విస్తరి టీవీల్లో చూపించుకునే జిల్లాలండి మావి. ఇక్కడ మావగారి కారు అల్లుడికి రావడం ప్రకృతి ధర్మం. కారు వస్తుంది గానీ బోనసు రాదంటే ఆ పండక్కి ఇంట్లో ఏం జరుగుతుందో తమరు ఊహించలేరు.

తెల్ల బోర్డు కారుని పెళ్ళిళ్ళకి కిరాయికి తిప్పే మా వీధి కుర్రాడి సంగతి అడగబోయి మానేశాను. కిరాయికి తిప్పితే ప్రైవేటు పాలసీ పనిచేయదని తమరు స్పష్టంగానే రాశారు. అతను చదవలేదు.

హైదరాబాదులో ఉద్యోగం చేసుకునే మా తోడల్లుడి కారు ఏడాదంతా ఊళ్ళో పశువులశాలలో గుడ్డ కప్పుకుని ఉంటుంది, భోగికి బయటికి వస్తుంది. ఇలాంటివాళ్ళ కోసం 2022 జూలైలో తిరిగినంత మేరకే కట్టే పద్ధతికి, నడిపే తీరుని బట్టి కట్టే పద్ధతికి బీమా కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ అనుమతి ఇచ్చింది. అంటే ఆఖరికి తమరు స్టీరింగు వెనక మనిషున్నాడని కనుక్కున్నారు, సంతోషం. మా మేనల్లుడి తీరుని మాత్రం కాస్త ఆలస్యంగా కనుక్కోండి, వాడి రెన్యూవల్ అయ్యాక.

ప్రస్తుతానికి నాకు కావలసినవి, పెదనాన్నగారికి కిలోమీటర్ల లెక్క పాలసీ, మా చెరువుల రైతుకి ఇంజిన్ కవర్‌తో సహా, ఐడీవీ తగ్గించకుండా ఒక కొటేషను. హైదరాబాదులో బీమా అంబుడ్స్‌మన్ గారుంటారని, ఆయన దగ్గర ఫిర్యాదుకి ఫీజు లేదని కూడా తెలుసుకున్నాను. బెదిరింపు కాదండోయ్, మర్యాదకి చెబుతున్నాను.

ఇట్లు,
తమరి విధేయుడు,
ఫారాలు నింపేవాడు.

తా.క.: ఈ ఉత్తరం మా బావ కంట పడనివ్వకండి. బోనసు పేరా చదివితే ఈ సంక్రాంతికి రానంటాడు. మా అమ్మ అప్పుడే సున్నుండలకి మినుములు వేయించేసింది.