కార్డు కట్టిన డబ్బు ఎవరి ఖాతాలోకి పోతోంది?

ఇక్కడ అమెరికాలో కీళ్లవాతానికి మా ఆవిడ వాడే ఇంజక్షన్ పెన్నులు ఫ్రిజ్‌లో పెరుగు డబ్బా పక్కనే ఉంటాయి. నెలకి రెండు. ధర ఆరు వేల డాలర్ల పైమాటే. మందు ఖర్చులో మన వాటా తనే కట్టేలా మందు కంపెనీ ఇచ్చిన కోపే కార్డు పుణ్యమా అని జనవరి, ఫిబ్రవరిల్లో ఐదేసి డాలర్లతో సరిపోయింది. మార్చిలో ఇలాంటి ఖరీదైన మందులు పంపే స్పెషాలిటీ ఫార్మసీ నుంచి ఫోన్: కార్డులో డబ్బు అయిపోయింది, నాలుగు వేల పైచిలుకు కడితేనే పార్సిల్ పంపుతాం. కార్డు అంత కట్టింది కదా, డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ కట్టడం మొదలెట్టేముందు ఏటా మనం కట్టాల్సిన మొత్తం) ఎప్పుడో తీరిపోయుంటుంది అనుకుని ఇన్సూరెన్స్ వెబ్‌సైట్ తెరిస్తే, మేం కట్టినట్టు అక్కడ కనిపించింది పది డాలర్లు.

దీన్ని కోపే అక్యుములేటర్ అంటారు. కార్డు డబ్బు తీసుకుంటారు, మన లెక్కలో మాత్రం వేయరు, అది అయిపోగానే డిడక్టిబుల్ మళ్లీ మొదటి నుంచి మన జేబులోంచి లాగుతారు. చవకైన జెనరిక్ ఉన్నా ఈ కార్డుల వల్ల జనం ఖరీదైన మందే వాడుతున్నారని ఇన్సూరెన్స్ వాళ్లు అంటారు. జెనరిక్ ఉన్నచోట ఆ మాటలో న్యాయం ఉంది, ఒప్పుకుంటాను. వేరే మందు పనిచేయని మనిషి దగ్గర కూడా అదే లెక్క చెబితే ఎలా?

ఇలా చేయనిచ్చిన 2021 నాటి కేంద్ర నిబంధనను వాషింగ్టన్ ఫెడరల్ కోర్టు 2023 సెప్టెంబరులో కొట్టేసింది, కానీ కొత్త నిబంధన వచ్చేదాకా ఇన్సూరెన్స్ కంపెనీలపై చర్య తీసుకోబోమని ప్రభుత్వం చెప్పేసింది. టెక్సస్ అదే ఏడాది సొంతంగా చట్టం చేసింది. అయితే ఉద్యోగుల వైద్యం ఖర్చు తామే భరించే కంపెనీల ప్లాన్లకు రాష్ట్రాల చట్టాలు వర్తించవు. మన తెలుగువాళ్లు పనిచేసే పెద్ద పెద్ద కంపెనీలు చాలావరకు ఆ కోవలోవే.

అందుకే నవంబరులో ప్లాన్ ఎంచుకునేటప్పుడు రెండు పేజీల బ్రోషర్‌తో ఆగకండి, పూర్తి ప్లాన్ డాక్యుమెంట్ అడిగి తీసుకోండి. అక్యుములేటర్ అన్న మాట అందులో ఉండకపోవచ్చు. ‘అవుట్ ఆఫ్ పాకెట్ ప్రొటెక్షన్’ అనో ‘కూపన్ అడ్జస్ట్‌మెంట్’ అనో ఉంటుంది. ప్రొటెక్షన్ అట! ఎవరికి రక్షణో నాకింకా అర్థం కాలేదు. ఈలోగా కోపే కార్డు మీదున్న ఫోన్ నంబరుకి కూడా ఫోన్ చేయండి, ఫార్మసీలో మనం కట్టేసి రసీదు పంపితే డబ్బు తిరిగిచ్చే మందు కంపెనీలు కొన్ని ఉన్నాయి.

అమ్మానాన్నలు మెడికేర్‌లో (ప్రధానంగా అరవై ఐదేళ్లు దాటినవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే బీమా) ఉంటే ఈ కార్డులు వాడటం చట్టరీత్యా కుదరదు. వాళ్లకి 2025 నుంచి పార్ట్ డి (మెడికేర్‌లో మందుల భాగం) మందులకి సొంతంగా కట్టేది ఏడాదికి రెండు వేల డాలర్లు దాటకుండా పరిమితి వచ్చింది, 2026లో అది 2,100. అదీ బరువైతే పాన్ (PAN), హెల్త్‌వెల్ లాంటి, మందుల ఖర్చుకి సాయం చేసే ఫౌండేషన్లు ఉన్నాయి. అక్కడ జబ్బుకో నిధి ఉంటుంది, తెరుచుకున్న నిధి డబ్బు అయిపోగానే మూసుకుపోతుంది కాబట్టి తరచూ చూస్తూ ఉండాలి.

మా ఆఫీసులో ఇలాంటి మందులు వాడే ఇళ్లు ఇంకో నాలుగు తేలాయి. ప్లాన్‌లో ఆ క్లాజు ఉంచాలో తీసేయాలో నిర్ణయించేది మా కంపెనీయే కాబట్టి, ఐదుగురం కలిసి తీసేయమని హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టాం, వెబ్‌సైట్‌లోని ఆ పది డాలర్ల స్క్రీన్‌షాట్ కూడా జతచేసి.