సీటీ స్కాన్ మిషన్ ఎందుకు ఆగిందో తెలుసుకునే హక్కు మాకుంది

సర్కారు దవాఖానాల్లో స్కానింగ్ మిషన్ల కొనుగోలు, రిపేరు లెక్కలు జనానికి కనిపించేలా పెట్టాలని మీరు రాసింది అక్షరాలా నిజం.

మాది నర్సంపేట వైపు. మా బాపు తలకు దెబ్బ తగిలితే ఒక పెద్ద దవాఖానాకు తీసుకెళ్లాం. సీటీ పనిచేయడం లేదు, బయట తీయించుకు రమ్మన్నారు. ఎన్నాళ్లుగా ఆగిందో, ఎప్పుడు బాగవుతుందో చెప్పేవాళ్లే లేరు. ఆటోలో ఆయన తల ఒడిలో పెట్టుకుని హన్మకొండ రోడ్ల మీద తిరిగిన ఆ టెన్షన్ ఇప్పటికీ పోలేదు.

మిషన్ ధర ఒక్కటే బయటపెడితే చాలదు. వారంటీ ఎప్పటిదాకా, తర్వాత మెయింటెనెన్స్ కాంట్రాక్టు ఎవరిది, ఏడాదికి ఎంత కడుతున్నారు, నెలలో ఎన్ని రోజులు ఆగింది అన్నవీ కావాలి. సీటీలో ఎక్స్‌రే ట్యూబ్ వాడేకొద్దీ అరిగిపోతుంది, దాని ఖరీదు లక్షల్లో ఉంటుంది. కాంట్రాక్టులో ట్యూబ్ లేకపోతే, డబ్బు మంజూరయ్యేదాకా మిషన్ మూలన పడుతుంది. నష్టపోయేది మాలాంటి వాళ్లం.

2005 సమాచార హక్కు చట్టం సెక్షన్ 4 ప్రకారం బడ్జెట్, ఖర్చుల వివరాలు ఎవరూ అడగకముందే ప్రకటించాలి. ప్రకటించకపోతే 10 రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టొచ్చు. ఎందుకు అడుగుతున్నామో చెప్పక్కర్లేదు. 30 రోజుల్లో జవాబు రాకుంటే పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. 'మిషన్ ఎలా ఉంది' అని అడగకండి, మిషన్ ఏ రోజు నడిచిందీ ఆగిందీ రాసే లాగ్ బుక్, కాంట్రాక్టు నకళ్లు కావాలని రాయండి.

ఓపీ చీటీలిచ్చే కిటికీ దగ్గర 'ఈ రోజు సీటీ ఉంది' లేదా 'లేదు' అని ఒక బోర్డు పెట్టినా, మా బాపుకు ఆ రోజు ఒక గంట మిగిలేది.